ఒడ్డున ఒక దినము



గత వేసవిలో మా సంఘపెద్ద ఒకాయన పొలము గట్టు మీద మమ్మును ఆపి ఒక ప్రశ్న అడిగారు: "అయ్యగారూ, అమ్మగారిని ఎక్కడికైనా తీసుకువెళ్ళి ఎన్నాళ్ళయింది?" పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమములు, కూటములు లెక్కలోకి రావని కూడ ముందే చెప్పారు. మేము వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాము. పద్దెనిమిది సంవత్సరములు! ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆదివారము మాకు పని దినము గనుక సోమవారము బయలుదేరాము. మేము, మా ఇల్లాలు, పిల్లలిద్దరు తెల్లవారుజామున రైలెక్కి విశాఖపట్నములో దిగాము. జేబులో ఒక కాగితము ఉన్నది. కురుసుర, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఏ చోట ఎన్ని నిమిషములు ఉండాలో కూడ వ్రాసుకున్నాము. విశ్రాంతికి వెళ్తూ కూడ ఆరాధన క్రమము వ్రాసుకున్నట్లే అయింది.

మొదటి మెట్టులోనే మా క్రమము తప్పింది. 1969లో నావికాదళములో చేరి, 1971 యుద్ధకాలములో సముద్రములో గస్తీ తిరిగి, 2001లో పని చాలించిన జలాంతర్గామి కురుసుర. 2002 నుండి రామకృష్ణా బీచిలో ఒడ్డు మీదనే మ్యూజియముగా ఉన్నది. సోమవారము దానికి సెలవు. ముందుగా కనుక్కోకపోవడము మా పొరపాటే. తొంభై మీటర్లకు పైబడిన ఆ నల్లని ఓడను బయటినుండే చూస్తూ మా అమ్మాయి, "ఓడకు కూడ వారానికొక సెలవు ఉంది నాన్నగారూ, మీకే లేదు" అన్నది. అందరమూ నవ్వాము గాని ఆ మాట మాకు గుచ్చుకున్నది.

అక్కడనుండి 900కె బస్సు ఎక్కి సముద్రపు ఒడ్డునే సాగిపోయాము. ఎండ ముదిరినందున తొట్లకొండ ఎక్కలేదు. నీళ్ళ కొరకు పూర్వము బౌద్ధ సన్యాసులు రాతిలో తొలిచిన తొట్ల వలన ఆ కొండకు ఆ పేరు వచ్చిందని పిల్లలకు బస్సులోనుండే చెప్పాము. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రము దిగాము. గాలి, వాన, సముద్రము ముందుకు వెనుకకు జరగడము, ఇవన్నీ కలిసి వేలాది సంవత్సరములలో ఆ దిబ్బలను పేర్చాయి. మట్టిలోని ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించారు. మన దేశములో ఇటువంటివి తమిళనాడు తీరములో తప్ప పెద్దగా లేవు. చేత్తో తాకితే రాలిపోయే మట్టి అది. మా అబ్బాయి జారుడుబండ ఆడబోతే వారించాము. వేల ఏండ్ల పనిని ఒక్క గంటలో చెరపరాదు కదా!

మధ్యాహ్నము దాటాక భీమిలి చేరాము. అనంతగిరి కొండల నీళ్ళు తెచ్చే గోస్తనీ నది అక్కడే సముద్రములో కలుస్తుంది. 17వ శతాబ్దములో వర్తకమునకు వచ్చిన డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఊరు 1861లోనే పురపాలక సంఘమయింది. సమాధుల తరువాత పాత దీపస్తంభము చూద్దామని మేము తొందర చేస్తుండగా మా ఇల్లాలు ఇసుకలో కూర్చుండిపోయింది. "మీరు వెళ్ళి రండి. నేను ఇక్కడే ఉంటాను" అన్నది. ఎందుకో మేము కూడ కాగితము మడిచి ఆమె ప్రక్కన కూర్చున్నాము. కట్టుకు వెళ్ళిన పులిహోర అప్పుడు విప్పాము.

పిల్లలు నీళ్ళ మీద పడవలు లెక్కపెడుతున్నారు. "అమ్మా, ఎన్ని ఉన్నాయో చెప్పు!" అన్నాడు అబ్బాయి.

"ఏ పడవలురా?" అన్నది ఆమె.

అవి అంత దూరములో లేవు. మేము ఆమె ముఖము వంక చూశాము. సంక్రాంతి నుండి ఎడమ కన్ను మసకగా ఉన్నదట. ఈ మధ్య కుడి కన్నూ అలాగే అవుతున్నదట. స్త్రీల కూటములో వాక్యము అమ్మాయి చేత చదివిస్తుంటే, బిడ్డకు అలవాటు చేస్తున్నది కాబోలు అని మేము సంతోషించాము!

"ఎందుకు చెప్పలేదు?" అని అడిగాము.

"మీకు తీరిక ఎక్కడ ఉన్నదండీ?" అన్నది. నిష్ఠూరముగా కూడ అనలేదు. అదే మాకు మరీ బాధ కలిగించింది.

సంఘములో ఎవరి ఇంట గేదె ఈనినదో, ఎవరి మోకాలు నొప్పియో మాకు తెలుసు. మా ఇంటిలో మనిషికి చూపు తగ్గుచున్న సంగతి ఆరు మాసములుగా తెలియలేదు. ఆ సాయంత్రము దీపస్తంభము చూడలేదు. చీకటి పడేవరకు అక్కడే కూర్చుండి మాట్లాడుకున్నాము. ఆ వారములోనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. శుక్లములని చెప్పి, ఒకదాని తరువాత ఒకటి రెండు కన్నులకూ ఆపరేషను చేశారు. ఇప్పుడు ఆమె వాక్యము తానే చదువుకొనుచున్నది.

ప్రియులారా, భోజనమునకైనా తీరిక లేక తిరిగిన తన శిష్యులను ప్రభువు ఏకాంతముగా వచ్చి కొంచెము అలసట తీర్చుకొమ్మని పిలిచినట్లు మార్కు సువార్త ఆరవ అధ్యాయములో చూస్తాము. ఇంతకాలము దానిని ఇతరులకు బోధించాము గాని మా ఇంటికి వర్తింపజేసుకొనలేదు.

నాట్లు తెమలలేదనీ, పాడి చూసేవారు లేరనీ మీరు అనవచ్చును. ఒక్క రోజు పాలు పితకడానికి పొరుగువారు ఉన్నారు. వారు వెళ్ళిన నాడు మీరు చూడండి. సముద్రము దూరమైతే చెరువు గట్టు చాలును. సముద్రమునకే వెళ్తే అన్నము, నీళ్ళు కట్టుకోండి. పిల్లలను లోతుకు పోనివ్వకండి. మన తీరములో అల వెనుకకు లాగే బలము పెద్దవారికి కూడ అందనిది.

ముఖ్యముగా కాగితము మీద ఎక్కువ వ్రాసుకొనకండి. ఒకచోట కూర్చోండి. ప్రక్కనున్న వారిని అడగండి, చెప్పేవరకు ఆగండి.

మరల వచ్చే నెల కలుసుకొందాము.