మందొచ్చింది సరే, బిడ్డకి టైముకి అందేదెలా?

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఇంజినీరింగ్ చదివి, కోడు రాసుకుని బతికే మామూలు సాఫ్ట్‌వేర్ జీవిని. కాబట్టి ఇందులో వైద్య సలహాలేవీ ఉండవు. ఉన్నదల్లా ఒక జబ్బు గురించి చదివాక నాకు కలిగిన అభిప్రాయం, కాసిని లెక్కలు, కాస్త కోపం.

ఆ జబ్బు పేరు స్పైనల్ మస్కులర్ అట్రోఫీ. పొట్టిగా ఎస్‌ఎమ్‌ఏ. పేరు వినకపోయినా "ఈ పాపకి పదహారు కోట్ల ఇంజక్షన్ కావాలి, సాయం చెయ్యండి" అన్న ఫార్వర్డ్ మెసేజీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే ఇది. వెన్నుపాములో ఉండి కండరాలకి పని చెప్పే మోటార్ న్యూరాన్లు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. బిడ్డ తెలివికి ఏ లోటూ ఉండదు. కళ్ళతో అన్నీ గమనిస్తుంటుంది, నవ్వుతుంది. కానీ మెడ నిలవదు, కాళ్ళాడించడం తగ్గిపోతుంది, పాలు మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసుకోవడం కూడా. తీవ్రమైన మొదటి రకంలో, మందూ శ్వాసకి సాయమూ లేకపోతే ఎక్కువమంది రెండో పుట్టినరోజు చూడరు. సుమారు పదివేల కాన్పుల్లో ఒకరికి వస్తుందని అంచనా.

ఈ జబ్బు వెనక కథ మనలాంటి కోడు రాసేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. మోటార్ న్యూరాన్లు బతకడానికి ఒక ప్రోటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌ఎమ్‌ఎన్-1. ఈ పిల్లల్లో అది పోతుంది, లేదా పాడవుతుంది. విచిత్రం ఏమిటంటే దానికి ప్రకృతే ఒక బ్యాకప్ కాపీ పెట్టింది, ఎస్‌ఎమ్‌ఎన్-2 అని. రెండూ దాదాపు ఒకటే. కానీ బ్యాకప్‌లో ఒక కీలకమైన చోట 'సి' అని ఉండాల్సిన అక్షరం 'టి' అయింది. ఆ ఒక్క అక్షరం వల్ల ఏడో ముక్క చాలాసార్లు ఎగిరిపోయి, తయారైన ప్రోటీన్‌లో ఎక్కువ భాగం పనికిరాకుండా పోతుంది. పదింట ఒక వంతో ఏదో సరిగ్గా వస్తుంది, అంతే. ఒక్క అక్షరం తప్పుకి రాత్రంతా కూర్చున్న అనుభవం మనందరికీ ఉన్నదే. ఇక్కడ మాత్రం ఆ అక్షరం ఖరీదు ఒక ప్రాణం.

ఈ జబ్బుని 1890లలోనే డాక్టర్లు వర్ణించారు. కారణమైన జన్యువు 1995లో పారిస్‌లో జూడిత్ మెల్కీ బృందానికి దొరికింది. అంటే బగ్ రిపోర్టుకీ, తప్పు ఏ లైన్లో ఉందో తెలియడానికీ మధ్య వందేళ్ళు! అక్కణ్ణించి మాత్రం పని జోరందుకుంది. ఆ ఏడో ముక్క ఎగిరిపోకుండా ఆపే నుసినెర్సెన్ అనే మందుకి 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని వెన్నులోకి ఎక్కించాలి, మొదటి డోసులయ్యాక నాలుగు నెలలకోసారి. 2019లో జోల్‌జెన్‌స్మా వచ్చింది. పనికిరాని చేసిన వైరస్‌లో మంచి జన్యువుని పెట్టి ఒకేసారి ఎక్కిస్తారు. ధర 21 లక్షల డాలర్ల పైన. మనవాళ్ళు చెప్పుకునే పదహారు కోట్లు ఇదే. 2020లో రిస్‌డిప్లామ్ వచ్చింది. ఇది సిరప్. ఇంట్లోనే రోజూ నోట్లో పొయ్యచ్చు.

ఇక్కడే మన హైదరాబాదు కథలోకి వస్తుంది. రిస్‌డిప్లామ్ రోష్ కంపెనీది. మన దేశంలో సీసా ధర సుమారు 6 లక్షల రూపాయలు. పేటెంటు 2035 దాకా. హైదరాబాదుకి చెందిన నాట్కో ఫార్మా దీని జెనరిక్ తెస్తానంది, రోష్ కోర్టుకెక్కింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నాట్కోని ఆపడానికి ఒప్పుకోలేదు. అక్టోబరులో డివిజన్ బెంచి కూడా అదే మాట అంది, ఆ తర్వాత సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో వెంటనే మందు విడుదల చేసింది. సీసా 15,900 రూపాయలు. 2012లో క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కి కంపల్సరీ లైసెన్సు తెచ్చుకుని, నెలకి 2 లక్షల 80 వేలున్న ఖర్చుని 8,800కి దించింది కూడా ఈ కంపెనీయే.

ఇప్పుడు నాకు తెలిసిన పని చేస్తాను, అంటే లెక్క. సీసాలో మందు 60 మిల్లీగ్రాములు. 20 కిలోలు దాటినవాళ్ళకి రోజుకి 5. అంటే సీసా 12 రోజులు, ఏడాదికి 30 సీసాల పైనే. పాత ధరలో కోటీ ఎనభై లక్షలు. కొత్త ధరలో 4 లక్షల 80 వేల చిల్లర. అదే ఆరు కిలోల పసిబిడ్డకైతే రోజుకి 1.2 మిల్లీగ్రాములు, సీసా 50 రోజులొస్తుంది. ఆ బరువు దగ్గర లెక్కేస్తే ఏడాదికి 8 సీసాలు, లక్షా పాతిక వేలు. అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021లో వచ్చింది, సాయాన్ని 2022లో మనిషికి 50 లక్షల దాకా పెంచారు. మన వైపు దీనికి నిమ్స్, సీడీఎఫ్‌డీ కేంద్రంగా ఉన్నాయి. 20 కిలోలు దాటిన పిల్లాడికి ఆ 50 లక్షలు పాత ధరలో మూడు నెలలకే అయిపోయేవి. కొత్త ధరలో పదేళ్ళు వస్తాయి. ఇది చిన్న మార్పు కాదండీ.

అయితే సమస్య తీరిపోయిందని చప్పట్లు కొట్టేస్తే మనం తప్పు చేసినట్టే. ఈ మందులన్నీ బతికున్న న్యూరాన్లని కాపాడతాయి. చచ్చిపోయిన న్యూరాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. కాబట్టి అసలు ప్రశ్న ఎంత ఖరీదు అని మాత్రమే కాదు, ఏ రోజున మొదలుపెట్టామని.

లక్షణాలు కనబడకముందే నుసినెర్సెన్ మొదలుపెట్టిన 25 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. 25 మందీ బతికే ఉన్నారు. ఎవరికీ శాశ్వతంగా వెంటిలేటర్ అవసరం రాలేదు. 22 మంది సొంతంగా నడిచారు. మామూలుగా అయితే వీళ్ళలో చాలామంది కూర్చోవడం కూడా గగనమే! అమెరికా 2018లో ఈ పరీక్షని పుట్టిన బిడ్డలకి చేయాల్సిన పరీక్షల జాబితాలో చేర్చింది, 2024కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ అమలైంది. మడమ దగ్గర గుచ్చి కాగితం మీద తీసే రక్తపు చుక్క చాలు. ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి 95 మంది దాంతో దొరికిపోతారు.

మన దగ్గర ఏం జరుగుతుంది? బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని పండగ చేసుకునే జనం మనం. బిడ్డ ఎప్పుడు ఏం చేయాలో మన బామ్మలకి కంఠతా వచ్చు. అయినా బిడ్డ బోర్లా పడకపోతే మొదట వచ్చే మాట "వాళ్ళ నాన్నా అంతే, అన్నీ నిదానం". మా టీములో ఒకతని అక్క కొడుక్కి సరిగ్గా ఇదే జరిగింది. ఇంట్లోవాళ్ళు నిదానం అన్నారు, ఊళ్ళో డాక్టరు బలానికి టానిక్కు రాశాడు, ఇంకొకాయన కాల్షియం రాశాడు. జన్యు పరీక్ష దాకా వచ్చేసరికి బాబుకి తొమ్మిదో నెల. పోయిన ఆ నెలల్ని ఏ చందా కొనగలదు?

నా ఉద్దేశంలో చేయాల్సినవి పెద్ద రాకెట్ సైన్సేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 95కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. అంటే బిడ్డ మన చేతుల్లోనే ఉంది, చుక్క రక్తం తీయడమే ఆలస్యం. అదే చుక్కతో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం కూడా పట్టుకోవచ్చు. అది కనిపెట్టకపోతే బుద్ధిమాంద్యం, కనిపెడితే చవక మాత్ర. ఆశా కార్యకర్తలు కాన్పయ్యాక 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికెళ్ళి చూడాలని నియమం ఉంది. మెడ నిలవకపోవడం, కాళ్ళు వేలాడెయ్యడం, పొట్టతో ఊపిరి తీయడం లాంటివి గమనించి వెంటనే పంపాలని వాళ్ళకి నేర్పడానికి ఎంత ఖర్చవుతుంది?

మూడోది మనింటి సంగతి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం ఉంటుంది, వాళ్ళకి మాత్రం ఏ జబ్బూ కనబడదు. మేనరికాల్లో ఇలాంటి ఇద్దరు కలిసే అవకాశం ఎక్కువ. జాతకాలు చూపించే ఓపిక ఉన్నవాళ్ళకి ఒక రక్తపరీక్ష చేయించే ఓపిక ఉండదా?

"రక్తహీనతకే దిక్కు లేదు, పదివేలలో ఒకరి కోసం ఇంతా?" అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకటి వదిలి ఇంకొకటి చెయ్యమని నేనడం లేదు. కేరళ ప్రభుత్వం ఈ జబ్బున్న పిల్లలకి ఉచితంగా మందివ్వడం ధర దిగకముందే మొదలుపెట్టింది. ఇంకొందరు "పేటెంట్లు లేకపోతే పరిశోధన ఎవరు చేస్తారు?" అంటారు. ఇదీ కొట్టిపారేసేది కాదు, రోష్ వాళ్ళ శ్రమ లేకపోతే నాట్కోకి తయారుచేయడానికి మందే లేదు. కానీ కోటీ ఎనభై లక్షల దగ్గర కొనేవాడే లేనప్పుడు, ఆ ధరతో కంపెనీకి వచ్చేదేమిటి, బిడ్డకి దక్కేదేమిటి?

ఇప్పటికే పెద్దయిన పిల్లల్ని మర్చిపోకూడదు. వాళ్ళకి మందుతో పాటు ఫిజియోథెరపీ కావాలి, వెన్ను వంగిపోకుండా చూసేవాళ్ళు కావాలి, రాత్రి ఊపిరికి బైపాప్ మిషను కావాలి, స్కూల్లో ర్యాంపు కావాలి. వీటికి పేటెంటు లేదు, కోర్టు కేసూ లేదు. అయినా జిల్లా కేంద్రంలో దొరకవు. మరి వీటికెవరు అడ్డు?

చందాలివ్వద్దని అనను, నేనూ ఇస్తాను. కానీ చందా లాటరీ లాంటిది. ఫొటోలో ముద్దుగా కనబడే బిడ్డకి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయగలిగే నాన్న ఉన్న బిడ్డకి తగులుతుంది. గొడ్డలి భుజానేసుకుని అడవికెళ్ళే నాన్న ఉన్న బిడ్డకి తగలదు. రక్తపు చుక్క పరీక్షకి ఆ తేడా తెలియదు. అందుకే నేను దాని పక్షం.

మీ ఇంట్లో కాన్పు ఉంటే ఆసుపత్రివాళ్ళని ఈ పరీక్ష గురించి అడగండి. లేదంటే ఎందుకు లేదో అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి అడక్కుండానే చేస్తారని నా ఆశ. మీరేమంటారు?