తమ్ముడి కాళ్ల మీద ఇంటి బరువు పెట్టొద్దు

పోస్ట్ కొంచెం పెద్దగానే ఉంటది. అందరికీ పరీక్షల టైం అని తెలుసు, అయినా ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే పూర్తిగా చదివినంక తిట్టండి.

రెండేళ్ల కింద ఇదే గ్రూపులో ఒక పోస్టర్ తిరిగింది. "మన గూడెం ముద్దుబిడ్డ ఫుట్‌బాల్ అకాడమీకి ఎంపిక" అని. పిల్లాడి ఫొటో, వెనక స్టేడియం, పక్కన అందరి నాయకుల ఫొటోలు. ఆ రాత్రంతా కంగ్రాట్స్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నయ్. మేము కూడా పెట్టాం. స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాం. ఈ ఎండాకాలం ఆ పిల్లాడిని అకాడమీ వాళ్లు పంపించేశారు. తర్వాతి బ్యాచ్ లిస్టులో పేరు లేదు, అంతే. ఈసారి గ్రూపులో ఎవరూ ఒక్క మాట రాయలేదు. మేము కూడా రాయలేదు. ఆ మౌనం గురించే ఈ పోస్ట్. పిల్లాడి పేరు, అకాడమీ పేరు రాయం. తమ్ముడు అనే అంటాం. ఎందుకో చదువుతుంటే మీకే అర్థమైతది.

ముందు మా గురించి. మేము ఆరుగురం, నాంపల్లి దగ్గర హాస్టల్‌లో ఒకే రూంలో ఉంటాం. గోండు, కోయ, లంబాడా అందరం ఉన్నాం. బయట ఎన్ని కొట్లాటలు ఉన్నా మా రూంలో బకెట్ ఒక్కటే, చార్జర్ ఒక్కటే. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లు ఎక్కినోళ్లం మేమే మొదలు. తమ్ముడిది ఉట్నూరు అవతల గూడెం, మాలో ఒకడికి చిన్నాన్న కొడుకు. ఎనిమిదో తరగతిలో వచ్చాడు. అకాడమీ సిటీ అంచున ఉంటది, అక్కడే ఉండి ఆడాలి. అప్లికేషన్‌లో "లోకల్ గార్డియన్" అని ఒక గడి ఉంది. అమ్మానాన్నలు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నరు. మాలో అప్పటికి పద్దెనిమిది నిండినోడు సంతకం పెట్టాడు. గార్డియన్ అంటే ఏం చేయాలో మాకు అప్పుడు తెలియదు. మాకే ఈ సిటీలో గార్డియన్ లేడు.

మేము చేసిన మొదటి పని బూట్లు కొనడం. స్కాలర్‌షిప్ అప్పటికి పడలేదు, తలా రెండు వందలు వేసుకుని ఆబిడ్స్ పోయినం. పెరిగే పిల్లాడు కదా అని ఒక సైజు పెద్దది తీసుకున్నాం. మన అమ్మలు బడి చెప్పులు అట్లనే కొంటారు. తమ్ముడు ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత ఆదివారం రూంకి వచ్చి సాక్సులు విప్పితే మడమల దగ్గర తోలు లేచిపోయి ఉంది. "ఎందుకు చెప్పలేదురా" అంటే, "మీరు పైసలు వేసుకుని కొన్నరు కదా అన్నా" అన్నాడు. అందరం అనుకునే సపోర్ట్‌లో ఉన్న తప్పు అక్కడే మాకు కనబడింది. మనం పెట్టిన ఖర్చు పిల్లాడికి అప్పులాగా కనిపిస్తే, వాడు నొప్పి కూడా చెప్పడు.

రెండో తప్పు ఫోన్‌లో చేశాం. వారానికి ఒకసారి పిల్లలకు ఫోన్ ఇచ్చేవారు. ఇంటి నుంచి, బంధువుల నుంచి, మా నుంచి అందరం అడిగేది ఒక్కటే, "గోల్ కొట్టినవా?" తమ్ముడు ఆడేది లెఫ్ట్ బ్యాక్. గోల్ కొట్టడం వాడి పని కాదు, ఆపడం వాడి పని. ఆ సంగతి మాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. మేనమామ అయితే "టీవీల ఎప్పుడొస్తవ్ రా? ఇల్లు ఎప్పుడు కట్టిస్తవ్?" అని అడిగేవాడు. నవ్వుకుంటూ అడిగేవాడే. కానీ ఫీజులో మాఫీ పోను మిగిలినదానికి కాక పత్తి మీద సావుకారి దగ్గర పైసలు తెచ్చాడని తమ్ముడికి తెలుసు. పదమూడేళ్ల పిల్లాడికి ఆ నవ్వులో లెక్క వినబడుతది.

మూడో తప్పు గ్రౌండ్‌లో చేశాం. ఒకసారి మ్యాచ్ చూడ్డానికి అందరం పోయినం. "ముందుకు ఉరుకు, ముందుకు ఉరుకు" అని గొంతు చించుకుని అరిచాం. తమ్ముడు బంతిని వదిలి మా దిక్కు చూశాడు. అటు నుంచే గోల్ పడింది. మ్యాచ్ అయినంక కోచ్ సార్ మా దగ్గరికి వచ్చి, "మీరు అరిస్తే వాడు నా మాట వినడు, బాబూ" అన్నారు, అంతే. ఆ తర్వాత మేము నోరు మూసుకుని చూడడం నేర్చుకున్నాం. మ్యాచ్ అయినంక "ఆకలైతుందా?" అని అడగడం నేర్చుకున్నాం.

ఇప్పుడు అసలు మాట. మా హాస్టల్ నుంచి పబ్లిక్ గార్డెన్స్ పక్క నుంచి నడిస్తే ఎల్బీ స్టేడియం వస్తది. పాతోళ్లు దాన్ని ఫతే మైదాన్ అంటారు. ఈ సిటీ ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఇక్కడి బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, దేశం జట్టుకు కోచ్. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మనోళ్లు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచారు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఆయన మీదనే. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి పిల్లాడు. క్యాంపుకు రావడానికి పైసలు లేవంటే రహీం సాబ్ సైకిల్ కిరాయి ఇచ్చారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. మాకు ఆ సైకిల్ కిరాయి చాలా పెద్ద మాటగా కనబడుతది. ఆ పెద్దాయన పిల్లాడికి పెద్ద పెద్ద కలలేమీ చెప్పలేదు. నిన్ను ఏది ఆపుతున్నదో చూసి, ఆ ఒక్కదాన్ని తీసేశాడు. సపోర్ట్ అంటే అది.

మన పిల్లలకు దారి లేదని మేము అనడం లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య అక్కను చూడండి. మొదట పరుగు పందేల్లో ఉండేది. కోచ్ చూసి ఫుట్‌బాల్‌లోకి తెచ్చారు. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు పోయింది. 2025లో ఏఐఎఫ్‌ఎఫ్ దేశంలో ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు ఇచ్చింది. మనందరికీ గర్వం.

కానీ దాని పక్కన ఇంకో సంగతి కూడా పెట్టుకోవాలి. 2022 అక్టోబర్‌లో అండర్-17 మహిళల ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. ఇండియా కెప్టెన్ అస్తం ఒరావ్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ పిల్ల. ఆమె పేరు వచ్చినంక ఊరికి రోడ్డు వేయడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలోనే ఆమె అమ్మానాన్నలు కూలికి పోయారు. పేపర్లలో వచ్చింది ఇది. దేశానికి కెప్టెన్ అయిన పిల్ల ఇంట్లోనే అప్పటికి కూలి ఆగలేదు. మరి పదమూడేళ్ల లెఫ్ట్ బ్యాక్ మీద ఇల్లు కట్టుకుందాం అని మనం ఎట్ల అనుకున్నాం?

క్లబ్బుల సంగతి కూడా చూడండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారిపోయింది. కప్పు గెలిచిన క్లబ్బే సిటీలో నిలవలేదు. దాన్ని చూసుకుని ఆడుతున్న పిల్లలు ఎక్కడికి పోవాలి?

అందుకే మేము రెండు విషయాల్లో గట్టిగా ఉండాలంటున్నాం. ఒకటి కాగితాలు. మా రూంలో ఆరుగురిలో నలుగురి పుట్టినరోజు జూన్‌లోనే ఉంటది. మన అమ్మలందరూ జూన్‌లోనే కనలేదు, బడిలో చేర్చుకున్నప్పుడు సార్ రాసిన తేదీ అది. మామూలుగా అయితే నవ్వుకుంటాం. కానీ ఫుట్‌బాల్‌లో అండర్-13, అండర్-15 అని వయసుతోనే ఆట. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే టీడబ్ల్యూ3 టెస్టు ఉంది. బడి రికార్డులో తేదీ తప్పు ఉంటే, ఏ పాపం తెలియని పిల్లాడి మీద వయసు దొంగ అనే ముద్ర పడొచ్చు. ఏడాది దాటినంక పుట్టుక నమోదు చేయాలంటే ఆర్డీఓ ఆఫీసు దాకా పోవాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. ట్రయల్స్‌కు పంపే ముందే ఈ పని అయిపోవాలి. ఇంట్లో పెద్దోళ్లకు ఆ ఆఫీసు భాష తెలియదు. మనకు తెలుసు. ఇది మన పని.

రెండోది చదువు. తమ్ముడు పొద్దున ప్రాక్టీస్, సాయంత్రం ప్రాక్టీస్, మధ్యలో బడిలో నిద్ర. ఎనిమిది అయిపోయేసరికి భిన్నాలు కూడా మర్చిపోయాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడే వాడికి గణితం గైడ్ కొన్నాం. నెలకు రెండు ఆదివారాలు మా రూంలో చెప్పాం. రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు కావాలన్నా ముందు పదో తరగతి పాస్ కావాలి. "ఆటగాడికి చదువు ఎందుకు" అనే మాట మన పిల్లల దగ్గర అనొద్దు.

ఇక ఆ రోజు సంగతి. మే నెలలో ఒక సాయంత్రం తమ్ముడు బ్యాగు వేసుకుని నాంపల్లి వచ్చాడు. లీవ్ ఇచ్చిన్రు అన్నాడు. మూడు రోజులు ఉన్నాడు. సరిగా తినలేదు. మూడో రాత్రి లైట్ తీసినంక చీకట్లో చెప్పాడు, "అన్నా, తీసేసిన్రు. ఇంట్ల చెప్పకుండ్రి. గ్రూపుల పెట్టకుండ్రి."

గ్రూపుల పెట్టకుండ్రి. ఆ మాట విన్న తర్వాత మాకు నిద్ర పట్టలేదు. వాడికి అకాడమీ కంటే మన గ్రూపు అంటేనే ఎక్కువ భయం. ఎత్తినోళ్లం మనమే కాబట్టి పడితే చూసేది కూడా మనమే అని వాడికి తెలుసు.

తెల్లారి మేమే కాకకు ఫోన్ చేశాం. ఏమంటాడో అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాక అంతా విన్నాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే, "తిన్నడా?" ఆ రాత్రి బస్సు ఎక్కి పొద్దున్నే ఎంజీబీఎస్‌లో దిగాడు. రూంకి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. అప్పు మాట ఎత్తలేదు. రెండేళ్లు మేము సపోర్ట్ సపోర్ట్ అని చేసినదంతా ఒక ఎత్తు, ఆ "తిన్నడా" ఒక ఎత్తు.

కొందరు అంటారు, "మీరు పిల్లలను వెనక్కి లాగుతున్నరు. మనకు వచ్చేదే ఒక్క చాన్స్, పోస్టర్ చూసి ఇంకో నలుగురు పిల్లలు ముందుకొస్తరు" అని. ఆ మాటలో నిజం ఉంది. మేము కూడా ఎవరి ఫొటోనో చూసే కాలేజీకి వచ్చాం. కానీ అకాడమీలో చేరిన పిల్లల్లో చివరిదాకా నిలిచేది కొందరే. ఇది ఎక్కడైనా అంతే, మన పిల్లల తప్పు కాదు. లిస్టులో పేరు లేకపోవడం అవమానం అని నేర్పితే, ఆ నలుగురు పిల్లలు కూడా రేపు చీకట్లోనే చెప్తారు. ఇంకోటి, చాన్స్ కోసం అప్పు చేయాల్సిన అవసరం లేకుండా చూడమని అడగడం కూడా మన పనే. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్, కిన్నెరసాని గిరిజన క్రీడా పాఠశాల లాంటివి ప్రభుత్వానివి. అక్కడ సీట్లు, కోచ్‌లు పెంచమని అడిగితే ఒక్క పిల్లాడికి కాదు, ఊళ్లకు ఊళ్లకే పనికొస్తది. ఒక్క పోస్టర్‌కు పెట్టిన శ్రద్ధ ఒక్క వినతిపత్రానికి పెడదాం.

గ్రూపుకు మా విన్నపం ఇది. పిల్లలు సెలెక్ట్ అయితే వాళ్లను, వాళ్ల అమ్మానాన్నలను అడగకుండా ఫొటో పెట్టొద్దు. సిటీలో ఏ అకాడమీలో మన పిల్లలు ఉన్నా, హాస్టల్ పిల్లలం ఒక్కొక్కరం ఒక్కొక్కరిని చూసుకుందాం. నెలకు ఒక ఆదివారం పోయి బూట్లు సరిపోతున్నయా, తిండి ఎట్లుంది, బడి నడుస్తున్నదా, ఎవరైనా కొడుతున్నరా, అకాడమీ వాళ్లు ఏమైనా కాగితం మీద సంతకం అడిగిన్రా, ఇవన్నీ చూద్దాం. అమ్మానాన్నలు చదవలేని కాగితం మనం చదివి చెప్దాం. పిల్లాడు తిరిగొచ్చిన రోజు, సెలెక్ట్ అయిన రోజు చేసినన్ని ఫోన్లు చేద్దాం.

తమ్ముడు ఇప్పుడు ఊళ్లో ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి. సాయంత్రం చిన్నపిల్లలకు బంతి ఆపడం నేర్పుతున్నాడట. మేము కొన్న పెద్ద సైజు బూట్లు మా ట్రంకు పెట్టెలోనే ఉండిపోతే, పోయేటప్పుడు తీసుకుపోయాడు. ఇప్పుడు సరిపోతున్నయని మొన్న ఫోన్‌లో చెప్పాడు. ఈ పోస్ట్ ముందు వాడికే చదివి వినిపించాం. "పేరు లేదు కదా, పెట్టుండ్రి" అన్నాడు.

ఇంకో ఇద్దరు పిల్లలు ఈ జూన్‌లో సిటీకి వచ్చారు. ఒకరు మన అన్నల చెల్లెలు, ఒకరు ఎవరూ లేని పిల్లాడు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఆబిడ్స్ జీపీఓ ముందు మేము ఉంటాం. వచ్చేటోళ్లు కింద పేరు రాయండి. పైసలు అవసరం లేదు, ఒక పూట టైం చాలు.