సింహపురిలో సకుటుంబ భోజనం

"ఏషియన్ ఫుడ్" అనే మాట నాకు మొదటినుంచీ మింగుడు పడలేదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఆ మాట బోర్డు మీద రాసుకున్న హోటలులో అడుగుపెట్టి చూడండి. నూడుల్సు ఉంటాయి, థాయి వారి పులుసులుంటాయి, జపాను వారి అన్నపు చుట్టలుంటాయి. ఇడ్లీ ఉండదు, పెసరట్టు ఉండదు. అంటే ఆసియా ఖండంలో మనము తప్ప మిగిలిన వారందరూ ఉన్నారన్నమాట! ముప్పైమూడేళ్ళు పిల్లలకు సమాసాలు విడదీయడం నేర్పినవాణ్ణి. "ఆసియా భోజనం" అనే సమాసానికి విగ్రహవాక్యం చెప్పమంటే "ఆసియా యందలి భోజనం" అంటానే గాని, "ఆసియాలో మనది కాని భోజనం" అని చెప్పలేను.

ఈ సమాసానికి సరియైన అర్థం నాకు కనిపించిన ఊరు సింగపూరు. పేరులోనే సింహపురం ఉన్నది. మా నెల్లూరుకు విక్రమసింహపురి అని పూర్వనామం గనుక, ఒక సింహపురి నుంచి మరొక సింహపురికి వచ్చినట్లుగానే భావించుకుంటాను. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పటికి నాలుగు పర్యాయాలు వెళ్ళివచ్చాము.

అక్కడికి పిల్లలను చూడవచ్చే తెలుగు తల్లిదండ్రులలో చాలామంది ఉండేది మూడు నెలలకు లోపే. కొడుకూ కోడలూ తీరికగా ఉండేవి ఆదివారాలు. లెక్కవేస్తే పన్నెండు. ఆ పన్నెండింటిలో సగం, "మధ్యాహ్నం ఎక్కడ తిందాం?" అనే చర్చలోనే కరిగిపోతాయి. తండ్రికి మాంసం పనికిరాదు. తల్లికి మధుమేహం. కొడుకు అన్నీ తింటాడు గాని పెద్దల ఎదుట తినడానికి సంకోచిస్తాడు. మనుమడికి కాస్త కారం తగిలితే ఏడుపు. చివరకు అందరూ రాజీపడి ఏదో ఒక చల్లని గదుల భారతీయ హోటలుకు వెళతారు. అక్కడ ఎవరికి కావలసినది వారికి దొరకదు. పిల్లవాడికి కారం ఎక్కువ, తల్లికి నూనె ఎక్కువ, కొడుకుకు విసుగు. బిల్లు మీద పది శాతం సేవారుసుము, ఆ పైన 2024 నుంచి తొమ్మిది శాతం పన్ను. తండ్రి ఆ అంకెను మనసులోనే రూపాయలలోకి గుణించుకోవడం మొదలుపెడతాడు. ఇక ఆ తిన్నది ఆయనకు ఒంటబట్టదు. మరికొందరు పెద్దలు ముందుచూపుతో పులిహోర పొట్లం కట్టుకుని బయలుదేరి, విప్పే చోటు కానరాక సాయంకాలం దానిని భద్రంగా ఇంటికి తెచ్చుకుంటారు. (నగరపు రైళ్ళలో తినడం నేరం, జరిమానా కూడా ఉన్నది.)

శ్రీనాథ మహాకవి పలనాటికి పోయి సన్నన్నం దొరకక జొన్నకూటిని నిందించాడనీ, కన్నడ దేశంలో వెల్లుల్లి తినవలసి వచ్చిందని అక్కడి రాజ్యలక్ష్మికే మొరపెట్టుకున్నాడనీ చాటువులు ప్రచారంలో ఉన్నవి. పరదేశం వెళ్ళిన తెలుగు పెద్దలందరూ ఎంతో కొంత శ్రీనాథులే, పద్యం ఒక్కటే రాదు. అయితే ఆయన వెళ్ళినది రాజాస్థానంలో పని ఉండి. మనము వెళ్ళేది మనుమడి పక్కన కూర్చోవడానికి. ఉన్న పన్నెండు ఆదివారాలలో ఆ కూర్చోవడం చెడకూడదు.

అందుచేత సింగపూరులోని తెలుగు పిల్లలకు నేను చెప్పేది ఇది. అమ్మానాన్నలను తీసుకొని హాకర్ సెంటరుకు వెళ్ళండి. "అబ్బే, అక్కడ వాళ్ళు కూర్చోలేరు, అన్నీ మాంసాలే" అని మీరే ముందుగా నిర్ణయించకండి.

హాకరంటే వీధులలో తిరిగి అమ్ముకునేవాడు. ఒకప్పుడు సింగపూరు వీధులు మన మిరపకాయ బజ్జీల బండ్ల వంటి బండ్లతోను, కావళ్ళతోను నిండి ఉండేవి. నీటి వసతి లేదు, ఎంగిలి నీళ్ళన్నీ కాలువలోకే. 1968, 69 సంవత్సరాలలో ఆ అమ్మకందారుల పేర్లన్నీ నమోదు చేశారు. 1971 నుంచి 1986 వరకు కప్పు, కుళాయి, కరెంటు గల శాలలు కట్టించి వారిని వాటిలోకి చేర్చారు. తెల్లవారుజామున తోపుడు బండ్లను లారీకెత్తించి ఊరు శుభ్రమైందనుకునే మన పురపాలకులు ఒకసారి వెళ్ళి చూడదగిన పని ఇది. ఇప్పుడు అటువంటి శాలలు నూటపదికి పైగా ఉన్నవి. 2020 డిసెంబరులో యునెస్కో వారు ఈ హాకర్ సంస్కృతిని మానవాళి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చారు.

శాల నిర్మాణం సులభం. పెద్ద కప్పు కింద వరుసలుగా చిన్న చిన్న అంగళ్ళు, మధ్య బల్లలు. ఒక్కొక్క అంగడిలో ఒకటి రెండు పదార్థాలే ఉంటాయి, ముప్పై ఏళ్ళుగా అదే పదార్థం వండేవారుంటారు. బల్ల ఏ అంగడికీ చెందదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉన్నది. హోటలులో కూర్చున్నామంటే అందరమూ ఒకే వంటశాలకు లోబడ్డామన్నమాట. ఇక్కడ బల్ల మనది, వంటశాలలు ఇరవై. పోయిన కార్తీకంలో ఒక ఆదివారం మా బల్ల ఇట్లా ఉన్నది: నా ముందు సాదా దోశ (అక్కడ "తోసై" అని రాస్తారు), మా ఆవిడ ముందు బౌద్ధుల శాకాహారపు అంగడి నుంచి తెచ్చిన బియ్యపు సేవ, మా అబ్బాయి ముందు హైనాన్ కోడి అన్నం, కోడలి ముందు కొబ్బరిపాలు పోసి వండిన లక్సా, మనుమడి ముందు రోటీ ప్రాటా. (లక్సా అనే మాటకు మన "లక్ష" మూలమని కొందరంటారు. నేను పందెం కాయను.) తెచ్చుకున్నది ఎవరిది వారిదే గనుక మా అబ్బాయి పదిహేనేళ్ళలో మొదటిసారి నా ఎదుట నిస్సంకోచంగా తిన్నాడు. ఆ మాట నేను వాడితో అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఆవిడ సంగతి చెప్పాలి. కార్తీకమాసమంతా ఆమె ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఆ నియమంతో సింగపూరులోని ఒక ఆంధ్ర హోటలుకు వెళితే పెరుగన్నం తప్ప మరేమీ పెట్టలేకపోయారు. మా వీధి చివరి హాకర్ సెంటరులో చైనా వృద్ధురాలు నడిపే శాకాహారపు అంగడిలో ఆమె కడుపునిండా తిన్నది. కారణం, చైనా బౌద్ధుల శుద్ధాహారంలో మాంసంతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే. రజోగుణాన్ని పెంచుతాయని మనమంటాము. వారి కారణమూ దానికి దూరమైనదేమీ కాదు. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనవ రోజున మాంసం మానేవారు ఆ సమాజంలో చాలామంది. మన అమావాస్య, పున్నముల వంటివే అవి. ఆ రెండు రోజులూ ఆ అంగడి ముందు వరుస వీధిలోకి వస్తుంది. కడపటి వరుసలో పంచాంగం చూచుకుని నిలబడిన తెలుగు ఇల్లాలొకరు ఉంటే వారికేమీ వింత కాదు.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. శాకాహారపు అంగడికీ, మామూలు అంగడిలో "వెజిటబుల్" అన్న వంటకానికీ చాలా తేడా ఉన్నది. మాంసం లేదంటారు, నిజమే. కాని పులుసు కాచినది ఎముకలతో కావచ్చు, వేపినది పందికొవ్వులో కావచ్చు. మలయా వారి సంబల్ కారంలో ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. ఆకుకూర మీద ఆల్చిప్పల రసం పోస్తారు. కనుక "వో చి సు" అనే మూడు మాటలు నేర్చుకోండి, నేను శాకాహారిని అని అర్థం. గుడ్డు విషయం విడిగా అడగండి. ఆ అంగళ్ళలో గోధుమ జిగురుతోను, సోయాతోను బాతుమాంసం, పందిమాంసం రూపాలలో చేసి పెడతారు. నిషిద్ధం కాదు గాని, మాంసం మానినవాడికి మళ్ళీ ఆ ఆకారమెందుకో నాకు బోధపడదు. నేను పక్కన పెడతాను. మా మనుమడు అవే ముందు తింటాడు.

వాసన మాట దాచను. మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ పది రకాల మాంసాల పొగ కప్పు కింద సుడి తిరుగుతుంది. పైన ఫ్యాన్లే గాని ఏసీ ఉండదు. మొదటిసారి వెళ్ళినవారు గాలి వచ్చే అంచు బల్ల చూచుకోవాలి. "మడి మాటేమిటండీ?" అని నా వయసువారు అడుగుతారు. మడి మనకొక్కరికే ఉన్నదనుకోవడం పొరపాటు. ముస్లిముల హలాల్ అంగళ్ళ పళ్ళేలు, తట్టలు వేరు. తిన్న తరువాత వాటిని పెట్టే అరలు కూడా వేరు. 2021 సెప్టెంబరు నుంచి ఎవరి ఎంగిలి తట్ట వారే తీసి పెట్టాలి, లేకుంటే జరిమానా. మా మనుమడికి ఆరేళ్ళు. ఏ తట్ట ఏ అరలో పెట్టాలో నాకు వాడే చెబుతాడు. ఎదుటివారి ఆచారాన్ని ఎట్లా గౌరవించాలో నేను బడిలో ఎన్ని నీతిపాఠాలలో చెప్పానో! వాడికది తట్టతో వచ్చింది.

ఊళ్ళోని మాటలు కూడా ఆ బల్లల మీద పోగుపడి ఉంటాయి, పండితుడికి అదొక విందు. నగరం నడుమ "లావ్ పా సాట్" అని ఎనిమిది మూలల శాల ఉన్నది. 1894 నాటి పోత ఇనుప స్తంభాలు. "లావ్" అంటే హొక్కియెన్ భాషలో పాత. "పా సాట్" మలయా వారి "పాసార్", అది పారశీకుల "బాజార్". అంటే మన పాతబజారే! సెరంగూన్ రోడ్డులోని "టెక్కా" కూడా ఆ భాషదే, వెదురుపొదల మొదలు అని. అక్కడ శ్రీనివాస పెరుమాళ్ళ దర్శనం చేసుకొని నడిచి వెళితే దోశ, వడ, బిరియానీ అన్నీ ఒక కప్పు కింద దొరుకుతాయి. టీ అడిగితే డబ్బాపాలతో పాకంలాగా ఇస్తారు. మధుమేహులు "తే సీ కొసోంగ్" అనాలి. కొసోంగ్ అంటే మలయాలో శూన్యం, చక్కెర లేనిది. మా ఆవిడ మొదట నేర్చిన విదేశీ శబ్దం అదే. బల్లను ముందుగా పట్టుకోవడానికి దాని మీద కాగితపు రుమాళ్ళ పొట్లం పెట్టిపోతారు, దానిని "చోప్" చేయడమంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసిన జాతికి ఇది వివరించనక్కరలేదు.

"ఏషియన్" మాటకు వస్తాను. అక్కడ ప్రసిద్ధమైన చేపతలకాయ పులుసు కేరళ నుంచి వెళ్ళిన వంటవాడు చైనా వారి ప్రీతికోసం కల్పించినదంటారు. మా నెల్లూరు వారు దాని చింతపండు వాసన చూచి చుట్టరికం కలుపుకుంటారు. మీ గోరెంగ్ అనే ఎర్రని నూడుల్సును తమిళ ముస్లిములు చైనా సేవతో చేస్తారు. ఆ రూపంలో అది తమిళదేశంలోనూ లేదు, చైనాలోనూ లేదు. రోజక్ అంటే కలగలుపు, మన కదంబం వంటి మాట. ఇవన్నీ వండినవారిలో మన తూర్పుతీరంవారి వంతూ ఉన్నది. మలయా వారు దక్షిణాది మనుషులను పిలిచిన "కెలింగ్" అనే మాట కళింగ శబ్దం నుంచి పుట్టినదే. ఇప్పుడది నిందగా మారింది గనుక ఎవరూ అనరాదు.

పిల్లల కోసం ఆటగది ఉన్న "ఫ్యామిలీ రెస్టారెంట్" కావాలంటారు కొందరు. ప్రాటా కాల్చే మనిషి పిండిముద్దను గాలిలో తిప్పి పల్చని గుడ్డలాగా పరుస్తుంటే మా వాడు ఇరవై నిమిషాలు కదలకుండా చూచాడు, చేతిలో ఫోను లేకుండా. సముద్రపు టొడ్డున తినాలంటే ఈస్ట్ కోస్ట్ లగూన్ ఫుడ్ విలేజ్ ఉన్నది. సాయంకాలం పెద్దలు గాలికి కూర్చుంటారు, పిల్లలు ఇసుకలో ఉంటారు.

నాకు బాధ కలిగించేది ఒకటే. ఈ వంటవారు వృద్ధులు. వారి వయస్సుల నడిమి అంకె అరవైకి దగ్గరగా ఉన్నదని చెబుతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పొయ్యి ముందు పన్నెండు గంటలు నిలబడే పనికి పిల్లలు రావడం లేదు. 2016లో రెండు హాకర్ అంగళ్ళకు మిషెలిన్ నక్షత్రం వచ్చింది గాని, నక్షత్రం వచ్చినంత మాత్రాన అందరి పొయ్యీ వెలగదు. పళ్ళెం నాలుగైదు డాలర్లకు దొరకాలని అందరమూ కోరతాము. అర డాలరు పెంచితే "ఇక్కడ కూడా దోపిడీయే" అని గొణుగుతాము. అదే మనిషి చల్లని గదిలో కాఫీకి ఏడు డాలర్లు మారుమాటాడక ఇస్తాడు. మా అబ్బాయి స్నేహితులతో ఈ విషయమై వాదించాను. బియ్యం, నూనె, అద్దె పెరిగినప్పుడు ఆ వృద్ధురాలు మాత్రం పాతధరకే ఎందుకు వండాలి? ఆమె మానివేస్తే మా ఆవిడకు కార్తీకంలో అన్నం పెట్టే మరో చేయి నాకు తెలిసినంతలో ఆ చుట్టుపక్కల లేదు.

ఆమె ఈ సంవత్సరం సేవ పళ్ళెం మీద ముప్పై సెంట్లు పెంచింది. సోమవారం సెలవు. మిగిలిన రోజులలో ఉదయం ఆరింటికి తెరిచి, వండినది అయిపోగానే మూసివేస్తుంది. ఆదివారం వెళ్ళదలచినవారు పదకొండుకు ముందే వెళ్ళండి.