రెక్కల బొమ్మలూ, కండరాల లెక్కలూ

విమానచరిత్ర మీద వెలువడే జనరంజక గ్రంథాలు చాలావరకు ఒకే బొమ్మతో మొదలవుతాయి. అది లియొనార్డో డావించి గీసిన గబ్బిలపు రెక్కల యంత్రం. దాని పక్కనే, కాలానికి నాలుగు వందల ఏళ్లు ముందున్న మేధావి అన్న బిరుదు. పాఠకుడు మనసులోనే నమస్కరించి పుట తిప్పుతాడు. ఆ యంత్రం ఎగురుతుందా అని మాత్రం అడగడు.

అది ఎగరదు. ఎందుకు ఎగరదో 1680–81లో రోములో అచ్చయిన లాటిన్ గ్రంథం ఒకటి చెప్పింది. అది జొవాన్నీ అల్ఫోన్సో బొరెల్లీ రచించిన 'దె మోతు అనిమాలియుం', అంటే జంతువుల చలనం. అది వెలువడేనాటికి రచయిత జీవించి లేడు. 1989లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పాల్ మాకే ఎముకల శస్త్రవైద్యుడు. కండరాన్ని తులాదండంగా చూసి, కీలుకు దాపున అతుక్కున్నందువల్ల అది ఎత్తే బరువుకు ఎన్నో రెట్ల బలం ప్రయోగించవలసి వస్తుందని నిరూపించిన ఆ పుస్తకం విలువ వైద్యుడికి ఇట్టే తెలుస్తుంది.

ఎగరడం గురించి బొరెల్లీ వేసిన లెక్క సూటిగా ఉంటుంది. పక్షి రొమ్ముకండరాలు దాని బరువులో ఆరో వంతు. మనిషి రొమ్ముకండరాలు అతని బరువులో నూరో వంతుకు కూడా చాలవు. కాబట్టి కండబలం పెరగాలి, లేదా దేహభారం తగ్గాలి; రెండూ కానప్పుడు చేతులకు రెక్కలు కట్టుకుని ఎగరడం కల్ల.

లియొనార్డో పరిశీలన తక్కువదేమీ కాదు. పక్షుల గమనం మీద 1505 ప్రాంతంలో ఒక పుస్తకమే నింపాడు. ఈకల మధ్య సందులుండవు గనుక గబ్బిలపు చర్మమే మేలైన నమూనా అని ఎంచాడు. చేతులతో, కాళ్లతో, ఒక బొమ్మలోనైతే తలతో సైతం రెక్కలాడించే ఏర్పాట్లు గీశాడు. రెక్క ఆకారాన్ని అంత నిశితంగా చూసినవాడు, దాన్ని ఆడించే కండకు తగిన తూకం వేయలేదు.

అయినా తర్వాతివారికి ప్రేరణ ఇచ్చాడు కదా అంటారు ఆరాధకులు. ఎలా ఇస్తాడు? ఆ పక్షుల పుస్తకం అచ్చయింది 1893లో. అంతకు చాలా ముందే, 1799లో, జార్జ్ కేలీ పైకెత్తే పనిని రెక్కకూ, ముందుకు నడిపే పనిని వేరే సాధనానికీ అప్పగించి, రెక్కాడించడమనే చిక్కుముడిని విప్పేశాడు. కొంగలను గమనించి, వంపు రెక్కల మీద గాలి బలాన్ని కొలిచిన ఒట్టో లిలియంతాల్ గ్రంథం వచ్చింది 1889లో. సుమారు రెండు వేల సార్లు గాలిలో తేలి, 1896లో కూలిపోయి ప్రాణం విడిచిన ఆ మనిషి పట్టికలతోనే రైట్ సోదరులు పని మొదలుపెట్టారు. పెట్టెలో దాగిన పుస్తకం ఎవరికీ గురువు కాలేదు.

మరి 1977లో గోసమర్ కాండర్ మనిషి బలంతోనే ఎగిరింది కదా, బొరెల్లీ ఓడిపోలేదా? కాళ్ల కండరాలను లెక్కలోకి తీసుకోకపోవడం అతని లోపమే. కానీ ఆ యంత్రానికి ఆడే రెక్కలు లేవు. సైకిలు పందేల్లో ఆరితేరినవాడు తొక్కుతుంటే తిరిగే ప్రొపెల్లర్ ఉంది. 2010లో టొరాంటో విశ్వవిద్యాలయం వారి స్నోబర్డ్ నిజంగానే రెక్కలాడించింది. 32 మీటర్ల రెక్కల వెడల్పుతో, తాడుకట్టి లాగి గాలిలోకి లేపాక, కాళ్ల బలంతో 19.3 సెకన్లు నిలిచింది. బొరెల్లీ గీసిన గీత ఎంత కఠినమైనదో ఆ సెకన్లే చెబుతాయి.

'వైమానిక శాస్త్రం' ప్రాచీన గ్రంథం కాదనీ, అందులోని విమానాలు ఎగరజాలవనీ 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు తేల్చినప్పుడు, వివేకులైన తెలుగు చదువరులు ఆ తీర్పును మెచ్చుకున్నారు. అదే చదువరులు లియొనార్డో బొమ్మ ముందు చేతులు కట్టుకోవడం ఏ న్యాయం? లియొనార్డో ఎవరినీ మోసగించలేదు, నిజమే. అతని కాగితాలను విమానశాస్త్రంగా అమ్ముతున్నవారిదే తప్పు. విమానచరిత్ర మొదటి పుటలో ఆ బొమ్మ ఉంటే ఉండనివ్వండి. పక్కన బిరుదుకు బదులు బొరెల్లీ లెక్క ఉండాలి.