మార్జాలకిశోరన్యాయము – తల్లి మరపు

శరణాగతిని గూర్చి ఉపన్యసించేవారందరూ మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములను ఉదాహరిస్తారు. కోతిపిల్ల తల్లి ఉదరమును తానే గట్టిగా పట్టుకొంటుంది. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోతుంది. వేదాంతదేశికులను అనుసరించే వడగలై వారు మొదటిదానిని, పిళ్ళైలోకాచార్యులను అనుసరించే తెన్‌గలై వారు రెండవదానిని ప్రధానముగా గ్రహించారన్నది ప్రసిద్ధము. ఆ వివాదమును ఇక్కడ తిరుగదోడవలసిన పని లేదు.

చిక్కు వేరొకచోట ఉన్నది. కూన పాలు మానగానే తల్లిపిల్లి బుసకొట్టి తరుముతుంది. చాలకాలము ఎడబాటైన కూన ఎదురైతే పరాయిదానివలె చూస్తుంది. ఇంత మరపు గల జంతువు భగవద్వాత్సల్యమునకు ఉపమానమెట్లగును? అని కొందరు సాధకుల ఆక్షేపణ.

అందలి లోకానుభవము అసత్యము కాదు. పిల్లి తన కూనను ప్రధానముగా వాసనచేత గుర్తిస్తుంది. ఎడబాటులో వాసన మారితే గుర్తు చెరిగిపోతుంది. అయితే కూన కన్నులు తెరవని తొలి పదిదినములలో ఆ తల్లిని గమనించారా? ఖమ్మము దాటి భద్రాచలము వైపు అడవి అంచున ఉన్న పల్లెలలో గడ్డివామిలో ఈనినా, అటకమీద ఈనినా, మనుష్యుల అలికిడి తగలగానే స్థలము మార్చివేస్తుంది. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతుందని పల్లెవారి మాట. ఒక్కొక్క కూననే కరచుకొని, అన్నియు చేరేవరకు మరల మరల వస్తుంది. ఎలుకను చంపే కోరలే కూన మెడమీద గాటైనా పడనీయవు. ఆ పట్టు తగలగానే కూన కాళ్ళు ముడుచుకొని నిశ్చేష్టమవుతుంది.

ఆ నిశ్చేష్టతను చూచినవారికి వరాహచరమశ్లోకము స్ఫురించాలి. దేహము, మనస్సు స్వస్థముగా ఉన్నప్పుడు తన్ను తలచిన భక్తుడు అంత్యకాలమున కాష్ఠపాషాణములవలె పడియుంటే, అతనిని తానే స్మరిస్తానని స్వామి భూదేవికి ఇచ్చిన మాట అది. స్మరణభారము జీవునినుండి ఈశ్వరునికి మారింది. న్యాయమునకు ఆయువుపట్టు అంతే. పిల్లి బ్రతుకంతటినీ ఉపమేయమునకు అన్వయింపనక్కరలేదు. ముఖము చంద్రునివంటిదన్నవాడు ముఖమునకు కృష్ణపక్షము చెప్పడు గదా!

మరి రామదాసు సంగతి ఏమి? నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారై, భద్రగిరిపై ఆలయము కట్టించి, 1672లో గద్దెనెక్కిన తానీషా కాలమున గోల్కొండ చెరలో మ్రగ్గాడు. రాముని నిలదీశాడు, నిందించాడు, తన మాట స్వామికి చెప్పుమని సీతమ్మను వేడుకొన్నాడు. ఇంత ఆక్రోశము మర్కటన్యాయము కాదా అంటారు. కూనయు కూస్తుంది, కూత విని తల్లి పరుగెత్తుకొని వస్తుంది. కాని ఆ కూత కూనకు కాళ్ళనీయదు, మోసేది తల్లియే. సీతమ్మను నడుమ నిలుపుట శ్రీవైష్ణవులు పురుషకారమని చెప్పేదే గనుక, గోపన్నది కూన ఆర్తియే అనుట సమంజసము.

ఈ న్యాయమును వల్లించే ఇండ్లలోనే ఒక క్రౌర్యము జరుగుతున్నది. పిల్లి ఈనగానే కూనలను గోనెసంచిలో మూటగట్టి అడవి మొదట విడిచివస్తారు, దైవమే చూచుకొంటాడంటారు. కన్నులు తెరవని కూన పాలు లేక, వెచ్చదనము లేక నిలువదు. ఇంటిలో తల్లి మూలమూలలు వెదకుతూ అరుస్తూనే ఉంటుంది. దీనికి ప్రపత్తి అని పేరుపెట్టుట అపచారము. రాముడు అడవికి పోయినప్పుడు కౌసల్య ఏమని వగచింది? దూడలు పాలు త్రాగగోరినప్పుడు పూర్వము తాను వాటి తల్లుల పొదుగులను కోసియుంటానని. మనుస్మృతి మార్జాలవధకు ప్రాయశ్చిత్తము విధించింది. సంచి మూతిని కట్టిన చేతికి ఆ విధి వర్తించదని ఎవరు చెప్పగలరు?

కూనలు ఇంట వద్దనుకొనేవారు రెండు నెలలు ఓర్చుకొంటే చాలును. అప్పటికి అవి పాలు మాని అన్నము తింటాయి, తల్లియే వాటిని దూరము పెట్టనారంభిస్తుంది. అడిగినవారికి అప్పుడు ఇవ్వవచ్చును.