కళ్లజోడుకూ ఆపరేషన్‌కూ అందని చూపు

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం 'కంటి వెలుగు' మొదలైంది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత ప్రారంభించారు. కళ్లు పరీక్షించి, ఊళ్లోనే కళ్లజోడు చేతిలో పెట్టారు. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఆ వరసల్లో ఇంకోరకం మనుషులూ నిలబడ్డారు. ఏ అద్దం పెట్టినా వాళ్లకు అక్షరం ఆనదు, ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బూ కాదు. వాళ్లలో నేనొకదాన్ని.

నా రెండు కళ్లలోనూ రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతింది. ఎదుటివాళ్ల ముఖం ఉండాల్సిన చోట మసక. చుట్టూ ఉన్న గోడ, తలుపు తెలుస్తాయి. నడిచి వెళ్లగలను గానీ వచ్చే బస్సు నంబరు చదవలేను. తెలిసినవాళ్లు ఎదురైనా పలకరించనని పొగరనుకుంటారు. షుగరుతో రెటీనా పాడైనవాళ్లు, గ్లకోమాతో చుట్టుచూపు పోయినవాళ్లు, రేచీకటితో మొదలై చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు మిగిలినవాళ్లు, ఒక్కొక్కరి ఇబ్బంది ఒక్కో తీరు. డాక్టరు గదిలో మాలో చాలామందికి వినిపించే మాట మాత్రం ఒకటే: "ఇక చేసేదేం లేదు."

జబ్బుకు లేకపోవచ్చు. మిగిలిన చూపుతో చేయగలిగింది చాలా ఉందండీ. ఇలా కొద్దిగా మిగిలిన చూపునే లో విజన్ అంటారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఈ వైద్యంలో ముందు తెలుసుకునేది, మీరు ఏ పని చేసుకోలేకపోతున్నారు అని. మందుల చీటీ చదవాలా? బోర్డు మీది లెక్క ఎక్కించుకోవాలా? ఒంటరిగా సంతకు వెళ్లాలా? దాన్నిబట్టి లైటున్న భూతద్దమో, దూరానికి చిన్న టెలిస్కోపో, ఎండ చురుకు తగ్గించే రంగుటద్దాలో ఇస్తారు. పవరు కుదరని భూతద్దం బజార్లో కొని ఇంట్లో మూల పడేసుకున్నవాళ్లు ఎందరో. నడిమి చూపు పోయినవాళ్లకు రెటీనాలో బాగున్న పక్కభాగంతో చూడడం నేర్పుతారు. అక్షరం మీద కాక కాస్త పక్కకు చూపు నిలపాలి. వినడానికి తేలికే, సాధన మాత్రం చాలా కావాలి, నేర్పే మనిషి దగ్గరుండాలి. చుట్టుచూపు పోయినవాళ్లకు తెల్లకర్రతో నడక నేర్పాలి. ఫోను చదివి వినిపించే టాక్‌బ్యాక్, మెట్ల అంచున పసుపు పెయింటు, తెల్లన్నానికి ముదురు రంగు కంచం, ఇవి చెప్పడానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు కదా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం లో విజన్‌ను అంధత్వం నుంచి వేరుగా గుర్తించింది. ప్రభుత్వాలు తమ ఆర్థిక శక్తి మేరకు పునరావాస సేవలు అందించాలనీ చెప్పింది. వైకల్య నిర్ధారణ శిబిరంలో మాకు వైకల్యం శాతం రాసిస్తారు. ఆ శాతంతో ఎలా బతకాలో చెప్పే గది మాత్రం మా దగ్గర్లో ఎక్కడా లేదు.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా లో విజన్ గది తెరవండి. ఇప్పుడున్న ఆప్టోమెట్రిస్టులకే శిక్షణ ఇప్పించండి. బడిపిల్లల్ని ముందు చూడండి, వాళ్లు కోల్పోయిన ఏడాది చదువు మళ్లీ రాదు. ఆ గదికి దారి చూపించే చీటీ రాయకుండా, ఇక చేసేదేం లేదని చెప్పి ఏ రోగినీ ఇంటికి పంపొద్దని మీ డాక్టర్లకు ఆదేశం ఇవ్వండి.