ఫినిషా? కంప్లీటా?

‘మిరపకోత అయిపోయింది’ అంటే రైతుకు ఊరట. ‘వాడి పని అయిపోయింది’ అంటే మాత్రం పతనమే! ఇంగ్లీషు ‘ఫినిష్’ కూడా అచ్చం ఇంతే. ‘ఐ హావ్ ఫినిష్డ్’ అంటే ముగించానని. ‘ఐ యామ్ ఫినిష్డ్’ అంటే ఆ అర్థంతోపాటు ‘నా పని ఖతం’ అనీ రావచ్చు.

‘కంప్లీట్’లో ఈ చేదు లేదు. లాటిన్‌లో దాని మూలార్థం నింపడం. తెలుగులో పూరించడం అన్నమాట. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన 14వ శతాబ్దంలో చేసింది అదే. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన ఆ పర్వం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. మిగిలిన ఖాళీని ఎర్రన పూరించాడు. అదీ తన పేరున కాదు, తన రాజుకు అంకితంగానూ కాదు. నన్నయే రాసినట్టు, రాజరాజనరేంద్రుడి పేరనే!